ఫోన్‌లో ఏం జరిగిందో పిల్లలు చెప్పగలగాలి

(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ఉమ్మడి సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, తోటి టీచర్లకి, అంగన్‌వాడీ నుంచి వచ్చిన అక్కలకి, పనులు మానుకుని వచ్చిన అమ్మానాన్నలకి, వెనక వరసలో కూర్చున్న మామ్మలకి, తాతయ్యలకి నమస్కారం. మామ్మలూ తాతయ్యలూ రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. సాయంత్రం స్కూలు వదిలాక పిల్లల చేతికి వెళ్ళే ఫోన్ చాలా ఇళ్ళల్లో మీదే కదా. అందుకని ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీకోసమే.

ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఉన్న పిల్లలకి కంప్యూటర్ మాటలు, ఆన్‌లైన్ జాగ్రత్తల మాటలు ఎలా నేర్పాలో చెప్పమన్నారు. ముందు ఎందుకు నేర్పాలో చెప్తాను. పరీక్ష కోసం కాదు. పిల్లల్ని ఇప్పటినుంచే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లని చేసేద్దామనీ కాదు. ఫోన్‌లో ఏదైనా తేడా జరిగినప్పుడు పిల్లలు మన దగ్గరికి వచ్చి ఏం జరిగిందో చెప్పగలగాలి. అంతే. నేను ఏ మాట నేర్పాలన్నా దీన్నే చూసుకుంటాను. ఈ మాట వస్తే పిల్ల మనకి ఒక విషయం ఎక్కువ చెప్పగలుగుతుందా? చెప్పగలుగుతుందంటే నేర్పుతాను. లేదంటే పై తరగతులకి వదిలేస్తాను.

రెండో తరగతి పిల్లాడొకడు ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైంది నాన్నా అంటే, "మామ్మ ఫోన్‌లో ఏదో వచ్చింది టీచర్, నాన్న కొట్టాడు" అన్నాడు. ఏమొచ్చింది అంటే "ఏదో" అన్నాడు. నువ్వేం నొక్కావు అంటే "నేనేం నొక్కలేదు" అన్నాడు. ఇంట్లో కూడా ఇదే చెప్పి ఉంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడి దగ్గర మాటలు లేవు. అదే పిల్లాడు "గేమ్ మధ్యలో యాడ్ వచ్చింది, మూసేద్దామని ఇంటూ మార్కు నొక్కితే ఇంకేదో తెరుచుకుంది, డౌన్‌లోడ్ అని పడింది" అని చెప్పగలిగితే వాళ్ళ నాన్న చెయ్యి చేసుకునేవాడు కాదు. ఫోన్ తీసి, కొత్తగా పడిన యాప్ ఏదో చూసి తీసేసేవాడు. యాడ్, ఇంటూ మార్కు, డౌన్‌లోడ్. ఆ పిల్లాడికి కావలసింది ఈ మూడు మాటలే.

మన స్కూళ్ళల్లో గోడ మీద ఒక చార్టు ఉంటుంది. మానిటర్, సీపీయూ, కీబోర్డు, మౌస్, ప్రింటర్. పిల్లలు కర్ర పెట్టి చూపిస్తూ గడగడా చెప్పేస్తారు కూడా. ఉండనివ్వండి, తప్పేం లేదు. కానీ మా తరగతిలో మౌస్ చేత్తో పట్టుకున్న పిల్లలు దాదాపు లేరు. ఫోన్ పట్టుకోని పిల్లలు అసలే లేరు. అందుకని పాఠం ఫోన్ దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఫోన్‌లో కూడా మొదటి మాట స్క్రీన్ కాదు, బటన్ కాదు, మైక్. అక్షరాలు ఇంకా రాని పిల్లకి ఫోన్‌లోకి దారి మైకే. ఐదేళ్ళ పిల్ల మైక్ బొమ్మ నొక్కి "ఏనుగు వీడియో" అంటుంది, ఏనుగులు వచ్చేస్తాయి. చదవడం రాకముందే వెతకడం వచ్చేసిందన్నమాట. అలాంటి పిల్ల ఫోన్‌కి అన్నీ తెలుసని, తనేంటో కూడా దానికి తెలుసని అనుకుంటుంది. అక్కడ మనం చెప్పాల్సింది ఒకటుంది. నువ్వన్న మాటలు ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకి వెళ్తాయి. అక్కడ ఆ మాటలకి సరిపోయే వీడియోలు ఏవో చూసి పంపిస్తాయి. మాట్లాడింది చిన్నపిల్ల అని వాటికి తెలియదు. ఎందుకు తెలియదు? ఆ ఫోన్‌లో ఉన్న అకౌంటు నాన్నది, పుట్టిన సంవత్సరం నాన్నది. కాబట్టి నాన్నకి చూపించేవే పాపకీ చూపిస్తుంది. యూట్యూబ్ కిడ్స్ అని వేరే యాప్ ఉంది. అందులో నాలుగేళ్ళ దాకా, ఐదు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పన్నెండు అని వయసుని బట్టి పెట్టుకోవచ్చు. అందులో అన్నీ మంచివే వస్తాయని నేను చెప్పను గానీ, మామూలు యూట్యూబ్ ఇచ్చేసి పక్కకి వెళ్ళిపోవడం కంటే చాలా నయం. వాట్సాప్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ కనీస వయసు పదమూడు. మూడో తరగతి పిల్లకి సొంత అకౌంటు తెరిచి ఇవ్వడానికి మనం పుట్టిన తేదీ మార్చి కొడితే, ఆ యాప్ మన పిల్లని పెద్దమనిషి లెక్కలో వేసుకుంటుంది.

మైక్ తర్వాత నేను నేర్పేది ఒక ప్రశ్న. "నేను పెట్టానా, అదే వచ్చిందా?" ఒక వీడియో అయిపోగానే ఇంకోటి తనంతట తనే మొదలవుతుంది చూశారా, దాన్ని ఆటోప్లే అంటారు. పిల్లలు ఏనుగుతో మొదలుపెట్టి, అరగంటలో ఎవరో ఎవర్నో కొడుతున్న వీడియో దగ్గర తేలతారు. అడిగితే "నేను పెట్టలేదు" అంటారు. నిజమే, పెట్టలేదు. అది పిల్లలకి తెలిస్తే, తప్పు చేశామన్న భయం పోయి, "అమ్మా, నేను పెట్టింది అయిపోయింది, ఇది అదే వచ్చింది" అని వచ్చి చెప్తారు. క్లాసులో పెద్ద టీవీ లాంటి ప్యానెల్ మీద వీడియో వేసినప్పుడల్లా, అయిపోయాక రెండు క్షణాలు ఆగి పిల్లల్ని అడగండి: ఇప్పుడు వస్తున్నది ఎవరు పెట్టారు? నాలుగు రోజులకి వాళ్ళే అరుస్తారు, "అదే వచ్చింది టీచర్" అని.

ఇక్కడే కంప్యూటర్ అసలు ఎలా పనిచేస్తుందో కాస్త నేర్పడం అవసరం అవుతుంది. మేం వరండాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గడులు గీస్తాం. ఆ చివర నీళ్ళ సీసా పెడతాం. ఒక పిల్ల కంప్యూటర్. తను సొంతంగా ఏదీ చెయ్యకూడదు, చెప్పింది మాత్రమే చెయ్యాలి. మిగతావాళ్ళు కమాండ్లు ఇవ్వాలి. "సీసా తీసుకురా" అంటారు ముందు. కంప్యూటర్ కదలదు. "ముందుకి రా" అంటారు. ఎన్ని గడులు? కదలదు. "రెండు గడులు ముందుకి." ఆఁ, ఇప్పుడు కదిలింది. "కుడికి తిరుగు" అన్నాక గొడవ మొదలవుతుంది. చెప్పేవాళ్ళు ఎదురుగా నించున్నారు కాబట్టి వాళ్ళ కుడి, కంప్యూటర్‌కి ఎడమ. కాసేపు కొట్టుకుని, తర్వాత ఒక పిల్ల లేచి వెళ్ళి కంప్యూటర్ వెనకాల నిలబడి చెప్తుంది. ఆ గడుసుదనం చూడాలి మీరు! తర్వాత కమాండ్లన్నీ బోర్డు మీద బాణం గుర్తులుగా వరసగా రాస్తాం. ఆ వరస ప్రోగ్రాం. అందులో ఒక బాణం తప్పుగా పడితే బగ్. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ లాంటివాళ్ళు 1967లో లోగో అని పిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. ఆ తర్వాత దానికి తాబేలు అని పిలిచే ఒక చిన్న రోబో చేరింది. ఇంత ముందుకి వెళ్ళు, ఇటు తిరుగు అని పిల్లలు చెప్తే ఆ తాబేలు గీతలు గీసేది. మనకి తాబేలు లేకపోయినా వరండా ఉంది.

ఈ ఆటకీ జాగ్రత్తకీ సంబంధం ఏమిటంటారా? యంత్రం తనంతట తనే ఏదీ అనుకోదు, ఎవరో ఒకరు చెప్తేనే చేస్తుందని పిల్లల ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత ఫోన్‌లో "మీరు బహుమతి గెలుచుకున్నారు" అని మెరిసినప్పుడు, "ఇలా రావాలని దీనికి ఎవరు చెప్పారు టీచర్?" అని అడుగుతారు. మా క్లాసులో అడిగారు. ఆ ప్రశ్న వచ్చిందంటే యాడ్ అంటే ఏమిటో చెప్పడం చాలా తేలిక. మనతో ఏదో కొనిపించాలని గానీ నొక్కించాలని గానీ ఒక మనిషి డబ్బులిచ్చి పెట్టించింది యాడ్. ఏఐతో చేసిన వీడియోలకి కూడా ఇదే ప్రశ్న పనికొస్తుంది. పులి, మేక కలిసి వంట చేస్తుంటే "నిజమా టీచర్" అని అడుగుతారు. ఎవరో కంప్యూటర్‌కి చెప్పి చేయించిన బొమ్మ అంటే వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. గొంతుని కూడా అలాగే చేయించొచ్చని, నాన్న గొంతుతో ఇంకెవరో మాట్లాడొచ్చని మూడో తరగతిలో చెప్తాను. ఒకటిలో చెప్పను, భయపడతారు.

ఇప్పుడు ఓటీపీ దగ్గరికి వస్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

అన్ని చోట్లా ఒకటే చెప్తారు: ఓటీపీ ఎవ్వరికీ చెప్పకూడదు. మనం కూడా పిల్లలచేత అదే బట్టీ పట్టిస్తాం. కానీ పిల్ల ఇంట్లో ఏం చూస్తోంది? గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి "కోడ్ చెప్పండమ్మా" అంటాడు, అమ్మ చెప్తుంది. ఫోన్‌లో ఆటో బుక్ చేస్తే డ్రైవరు అడుగుతాడు, నాన్న చెప్తాడు. ఏదో పథకానికి ఈకేవైసీ అని వెళ్తే అక్కడ కంప్యూటర్ ముందున్నవాళ్ళు అడుగుతారు, మామ్మ ఫోన్ చూపిస్తుంది. ఇవన్నీ సరైన పనులే. మరి పిల్ల ఏమనుకోవాలి? టీచర్ చెప్పింది పుస్తకంలో మాట, ఇంట్లో జరిగేది వేరు అనుకుంటుంది. ఒకసారి అలా అనుకున్నాక మన మాట ఇంక పట్టించుకోదు.

అందుకని మేం పిల్లలకి నేర్పేది ఇంకోలా ఉంటుంది. ఓటీపీ అంటే ఒక్కసారికి పనికొచ్చే అంకెలు. ప్రతిసారీ కొత్తవి వస్తాయి, కాసేపటికి పనిచెయ్యకుండా పోతాయి. ఆ అంకెల పక్కన అవి దేనికోసం వచ్చాయో రాసి ఉంటుంది. అది చదివి, చెప్పాలో వద్దో తేల్చుకోవడం పెద్దవాళ్ళ పని. నా పని ఒక్కటే. "అంకెలు వస్తే నేను బయటివాళ్ళకి చదివి వినిపించను, ఫోన్ తీసుకెళ్ళి అమ్మకిస్తాను." ఇది పిల్ల నోటికి పట్టే వాక్యం, పిల్ల చెయ్యగలిగే పని. ఇంట్లో కనిపించేదానికి ఎదురు కూడా వెళ్ళదు.

"చదివి వినిపించను" అని ఎందుకు పెట్టామో మామ్మలకి తెలుసు. చాలా ఇళ్ళల్లో చదివేది పిల్లలే. ఫోన్ వస్తుంది. "మామ్మగారూ, మీ పింఛను ఆగిపోతోంది, ఒక నంబరు వచ్చింది చూడండి" అంటాడు అవతలివాడు. మామ్మకి కళ్ళు ఆనవు, ఆనినా ఇంగ్లీషు రాదు. మనవరాల్ని పిలుస్తుంది. ఆరేడేళ్ళ పిల్ల గర్వంగా, గట్టిగా అంకెలు చదివేస్తుంది. ఆ ఇంట్లో పింఛను డబ్బులు పోవడానికి అంతే చాలు. తర్వాత ఆ పిల్ల "నావల్లే పోయింది" అని ఎన్నాళ్ళు బాధపడుతుందో ఆలోచించండి.

అందుకే దీన్ని క్లాసులో నాటకంగా వేయిస్తాం. ఒకళ్ళు మామ్మ, ఒకళ్ళు బ్యాంకు పేరు చెప్పుకునే మనిషి, ఒకళ్ళు బుజ్జి.

"ఒరే బుజ్జీ, ఇలా వచ్చి ఈ అంకెలు చదివి పెట్టరా."

"మామ్మా, ఇవి ఓటీపీ అంకెలు. నాన్న వచ్చాక చూద్దాం."

అప్పుడు బ్యాంకు మనిషి తొందరపెట్టాలి. "ఇప్పుడే చెప్పాలి, లేకపోతే డబ్బులు రావు, పోలీసులు వస్తారు." మా పిల్లలు ఈ వేషం భలే వేస్తారు. బుజ్జి ఏం చెయ్యాలంటే, మారు మాట్లాడకుండా ఎర్ర గుర్తు నొక్కి కాల్ కట్ చెయ్యాలి. తొందరపెడుతున్నారంటే అనుమానించాలి అన్నది పిల్లలకి ఉపన్యాసంలో ఎక్కదు. వేషం వేసి, తొందరపెట్టించుకుని, కట్ చేసి చూస్తేనే ఎక్కుతుంది. మామ్మలకి నా మనవి ఒకటుంది. మీ మనవడు నిజంగా ఇలా ఫోన్ కట్ చేసిన రోజు "పెద్దదాన్ని చెప్తే వినవేంట్రా" అని కోప్పడకండి. పెద్దల మాట వినాలని నేర్పినవాళ్ళం మనమే, వాడికి అప్పటికే లోపల ఆ గుంజాటన ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీరే వాడితో ఒకసారి ఈ నాటకం ఆడండి.

ఓటీపీ ఎవరూ చెప్పకుండానే పోయే దారి ఇంకొకటి ఉంది. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, బండి మీద చలానా అనో, ఏదో పథకం డబ్బులనో ఒక ఫైలు వస్తుంది. నొక్కితే ఫోన్‌లో ఒక యాప్ పడుతుంది. దానికి మెసేజీలు చదివే అనుమతి ఇచ్చేశామంటే మనకొచ్చే ఓటీపీలన్నీ అదే చదివి పంపించేస్తుంది. దీన్ని పట్టుకోవడం మూడో తరగతి పిల్లలకి చేతనవుతుంది, ఎందుకంటే వాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చేశాయి. ఫైలు పేరు చివర చుక్క పెట్టి కొన్ని అక్షరాలుంటాయి. జేపీజీ అంటే ఫోటో. పీడీఎఫ్ అంటే కాగితం లాంటిది. ఏపీకే అంటే యాప్. శుభలేఖ యాప్‌గా ఎందుకొస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పిల్లలకి చెప్పి పంపిస్తే, మర్నాడు ఇంట్లో ఫోన్లన్నీ వెతికి వచ్చి చెప్తారు. ఏపీకే కనిపిస్తే నొక్కకుండా పెద్దవాళ్ళకి చూపించమనండి. పెద్దవాళ్ళు కూడా నొక్కకండి.

డబ్బు మాటలు ఎక్కువ అక్కర్లేదు. "ఫోన్‌పే కొట్టు" అనడం పిల్లలందరికీ వచ్చు. వాళ్ళకి ఒకటి తెలిస్తే చాలు. పిన్ కొట్టేది మన డబ్బు బయటికి పంపడానికో, ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికో అని, మనకి డబ్బు రావడానికి పిన్ అవసరం లేదని. గేమ్‌లో డైమండ్లు, కాయిన్లు అసలు డబ్బుతోనే కొంటారని కూడా చెప్పండి. పిల్లలు వాటిని గెలుచుకునేవే అనుకుంటారు. పాస్‌వర్డ్ గురించి ఒక ముక్క. పొట్టిగా, చిక్కుగా ఉన్నదానికంటే పొడుగ్గా, గుర్తుండేలా ఉన్నది మంచిది. పొంతన లేని మూడు మాటలు కలపమంటాను. "గేదె గొడుగు జిలేబి" అని మా క్లాసులో ఒకళ్ళు చెప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పదహారు అక్షరాలు. అందరిముందూ చెప్పేశాం కాబట్టి అది ఇంక పాస్‌వర్డ్‌గా పనికిరాదు అని కూడా పిల్లలకి అప్పుడే చెప్పాను.

ఫ్రెండ్ అన్న మాట గురించి చెప్పాలి. ఇది నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన విషయం. మూడో తరగతి అమ్మాయి ఒకరోజు చాలా మామూలుగా, "గేమ్‌లో నా ఫ్రెండ్ యూనిఫాంలో ఫోటో పెట్టమంది టీచర్" అంది. ఎవరమ్మా ఆ ఫ్రెండ్ అంటే పేరు చెప్పింది. ఎప్పుడైనా చూశావా? లేదు. మాట్లాడావా? లేదు, టైపు చేస్తుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ గేమే అవతలి మనిషిని ఫ్రెండ్ అని చూపిస్తోంది. యాడ్ ఫ్రెండ్ అని బటనే ఉంది కదా. వాళ్ళమ్మగారిని పిలిపించాం. పిల్ల ముందే ఆ అకౌంటుని బ్లాక్ చేసి, రిపోర్ట్ చేశాం. ఫోటో పెట్టకముందే చెప్పినందుకు అందరం మెచ్చుకున్నాం. అప్పటినుంచి మా క్లాసులో రెండు మాటలు వాడుతున్నాం. ముఖం తెలిసి, అమ్మకి కూడా తెలిసినవాళ్ళు ఫ్రెండ్. మిగతావాళ్ళు "గేమ్‌లో మనిషి". గేమ్‌లో మనిషి ఏ వయసువాళ్ళైనా అయి ఉండొచ్చు, అమ్మాయి పేరు పెట్టుకున్న మగవాళ్ళు కూడా అయి ఉండొచ్చు. ఈ తేడా పిల్లల నోటికి వస్తే, వాళ్ళు చెప్పే వాక్యంలోనే మనకి సంగతి తెలిసిపోతుంది. "గేమ్‌లో మనిషి ఫోటో అడిగాడు" అంటే ఏ తల్లయినా చేతిలో పని వదిలేసి వస్తుంది.

యూనిఫాం ఫోటో అడగడంలో ఏముందో కూడా పిల్లలకి చూపించాలి. "వ్యక్తిగత సమాచారం" అని చార్టు రాస్తే వాళ్ళకి ఎక్కదు. నేను బోర్డు మీద ఒక బొమ్మ వేస్తాను. ఒక పాప స్కూలు గేటు దగ్గర నిలబడింది. చొక్కా మీద బ్యాడ్జి. వెనక కిరాణా కొట్టు బోర్డు, దాని మీద కొట్టు పేరు కింద ఊరి పేరు. పక్కన ఆటో, దానికి నంబరు. ఈ పాప ఏ ఊరో, ఏ స్కూలో ఎవరికీ చెప్పలేదు. మరి బొమ్మ చూసి కనిపెట్టండి అంటాను. బ్యాడ్జి ముందు దొరుకుతుంది. కొట్టు బోర్డు తర్వాత. ఒక పిల్ల "గోడ మీద గడియారం ఉంది టీచర్, స్కూలు వదిలే టైము తెలిసిపోతుంది" అంది. నేను ఊరికే వేసిన గడియారం అది, నాకే తట్టలేదు. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలు స్టేటస్‌లో పెట్టిన ఫోటోలు కూడా ఇలాగే చూస్తున్నారని విన్నాను. మంచిదే. స్కూలు గ్రూపుల్లో మనం పెట్టే పిల్లల ఫోటోలని కూడా టీచర్లం ఒకసారి ఈ కళ్ళతో చూసుకోవాలి.

డిలీట్ అంటే పోయినట్టే అని పిల్లలు నమ్ముతారు. పెద్దవాళ్ళు కూడా చాలామంది నమ్ముతారు. దీనికి పలకలు చాలు. బోర్డు మీద ఒక పిల్లి బొమ్మ వేస్తాను. ముగ్గురు పిల్లల్ని వాళ్ళ పలకల మీద చూసి వేసుకోమంటాను. తర్వాత బోర్డు తుడిచేస్తాను. పిల్లి పోయిందా? "పోయింది" అని కొందరు, "ముగ్గురి దగ్గర ఉంది" అని కొందరు. ఆ పలకల్లోంచి ఇంకో ముగ్గురు వేసుకుంటే? నేను ఎంత తుడిచినా బోర్డే తుడవగలను. పంపడం, స్క్రీన్‌షాట్, ఫార్వర్డ్, డిలీట్ అన్న మాటలు ఆ పలకల దగ్గరే చెప్పేస్తాను. అప్పుడే "అందరికీ డిలీట్" కొట్టినా అవతలివాళ్ళు ముందే తీసుకున్న స్క్రీన్‌షాట్ పోదని వాళ్ళే అంటారు.

ఇక సీక్రెట్. సర్‌ప్రైజ్‌కీ సీక్రెట్‌కీ తేడా ఒకటో తరగతిలోనే చెప్పాలి. పుట్టినరోజుకి అమ్మకి తెలియకుండా కేకు తెస్తే అది సర్‌ప్రైజ్. సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, అందరూ సంతోషపడతారు. "అమ్మకి చెప్పొద్దు, ఎప్పటికీ చెప్పొద్దు" అని ఎవరైనా అంటే అది వెంటనే చెప్పాల్సింది. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ మన స్కూళ్ళల్లో చెప్తున్నాం. దానికి ఫోటోని కూడా కలపాలి. బట్టలు లేకుండా ఫోటో గానీ వీడియో గానీ ఎవరడిగినా, ఎవరు చూపించినా, అది చెప్పాల్సిన విషయమే. "ఎవరు" అంటే తెలియనివాళ్ళే కాదు, చుట్టాలైనా సరే. ఎవరికి చెప్పాలో కూడా పిల్లల దగ్గర ముందే ఉండాలి. చెయ్యి పలక మీద పెట్టి గీసి, ఒక్కో వేలికి ఒక్కో పేరు రాయిస్తాం. అందులో కనీసం ఒక్కరు ఇంట్లోవాళ్ళు కాకుండా ఉండాలి. టీచర్ కావచ్చు, పక్కింటి అత్త కావచ్చు. ఎందుకని అడగకండి, మీకు తెలుసు.

1098 పిల్లల హెల్ప్‌లైన్ నంబరు. రోజంతా, రాత్రి కూడా పనిచేస్తుంది. పిల్లలకి నేర్పడం చాలా తేలిక, వెనక్కి లెక్కపెట్టడమే. పది, తొమ్మిది, ఎనిమిది. ఇలాంటి ఫోన్ మోసాల్లో డబ్బు పోతే పెద్దవాళ్ళు చెయ్యాల్సిన నంబరు 1930. రేపు బ్యాంకుకి వెళ్దాంలే అని ఆగకండి. వెంటనే ఫోన్ చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకుల్లో ఆపే అవకాశం ఉంటుంది. పిల్లల అసభ్య ఫోటోలు, వీడియోల మీద ఫిర్యాదు అయితే కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మన పేరు చెప్పకుండా కూడా ఇవ్వచ్చు.

టీచర్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని మనకి తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. మనం పెద్దరికం చేసి సర్దుబాటు చేసే విషయం కాదది. అలాగే, సాక్ష్యం కోసమని ఆ ఫోటోని మన ఫోన్‌కి పంపించుకోవడం, స్టాఫ్ గ్రూపులో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి. అలాంటి చిత్రాన్ని ఇంకొకరికి పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఆ పిల్లకి రెండోసారి అన్యాయం చేసినట్టు కూడా. ఫోన్‌ని ఉన్నదున్నట్టు ఉంచి పోలీసులకి ఇవ్వండి. ఇంకొక చట్టం సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు అందరినీ పిల్లలనే అంటుంది. వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని, వాళ్ళు ఏం చూస్తున్నారో వెంటాడి దానికి తగ్గ యాడ్‌లు చూపించకూడదని చెప్తుంది. అనుమతి అడిగిన చోటల్లా చదవకుండా సరే కొట్టేస్తే ఆ అనుమతి వల్ల వచ్చే రక్షణ మనమే వదులుకున్నట్టు.

తెలుగు మాటలు వాడాలా, ఇంగ్లీషు మాటలా అని టీచర్లు అడుగుతుంటారు. ఇంట్లో ఏ మాట వినిపిస్తుందో అదే వాడండి. అంతర్జాలం అని నేర్పితే పిల్ల ఇంటికెళ్ళి ఆ మాట అన్నప్పుడు అమ్మకి అర్థం కావాలి కదా. పిల్ల "ఇంటూ మార్కు" అంటే అదే సరైన మాట, దిద్దకండి. అర్థం మాత్రం పూర్తి తెలుగు వాక్యంలో పిల్ల చేత చెప్పించండి. డౌన్‌లోడ్ అంటే ఏమిటి అని అడిగితే "బయటినుంచి మన ఫోన్‌లోకి తెచ్చి పెట్టుకోవడం" అని తన మాటల్లో చెప్పాలి. అది చెప్పలేకపోతే ఇంగ్లీషు స్పెల్లింగు వచ్చినా లాభం లేదు.

అమ్మానాన్నలూ, మీకు చివరిగా ఒకటి. పిల్ల వచ్చి "అమ్మా, ఫోన్‌లో ఇలా జరిగింది" అని చెప్పిన ఆ నిమిషంలో ఫోన్ లాక్కోకండి. కొట్టకండి. "ఇంక నీకు ఫోన్ లేదు" అనకండి. ఒక్కసారి అలా అన్నారంటే వచ్చేసారి ఏం జరిగినా చెప్పదు, మేం స్కూల్లో నేర్పినవన్నీ దాని నోట్లోనే ఉండిపోతాయి. ముందు "చెప్పి మంచిపని చేశావు" అనండి. తర్వాత "ఏం కనిపించింది, నువ్వేం నొక్కావు, ఎవరన్నా ఏమన్నా అడిగారా" అని మెల్లగా అడగండి. ఫోన్ ఎంతసేపు ఇవ్వాలో ఇంకో రోజు, కోపం లేనప్పుడు మాట్లాడుకోండి.

తలుపు పక్కన బల్ల మీద కార్డులున్నాయి. ఒక్కో కార్డు మీద ఒక మాట, దాని బొమ్మ, వెనకాల పిల్లలు వాళ్ళ మాటల్లో చెప్పిన అర్థం. ఈ వారానికి మైక్, యాడ్, ఓటీపీ, స్క్రీన్‌షాట్ తీసుకెళ్ళండి. అన్నీ ఒక్కరోజే చెప్పేయకండి. మామ్మలకి పెద్ద అక్షరాలతో విడిగా వేశాం, ఓటీపీ నాటకం మాటలు అందులో ఉన్నాయి. అడగాలనుకున్నవాళ్ళు ఇప్పుడు అడగండి. అందరిముందూ అడగలేని విషయమైతే మీటింగు అయ్యాక నేను రెండో తరగతి గదిలో ఉంటాను, వచ్చి మాట్లాడండి.